నాగులదిబ్బ గ్రిల్లు మన్నిక పరీక్ష

చైర్మన్ గారి రొయ్యలు ఇసుకలో పడిన సాయంత్రమే నా ఉద్యోగం ఊడిపోవాల్సింది. ఊడలేదు. అది ఆయన దయ కాదు. తప్పు మనిషిది కాదు, వస్తువుది అని ఆయన అక్కడికక్కడే తేల్చేశారు.

నా పేరు సన్యాసిరావు. కోస్తా విహార అతిథి గృహాలనే ప్రభుత్వ సంస్థలో మేనేజర్ని. నా ఏలుబడిలో ఉన్నది నాగులదిబ్బ సముద్రతీరంలో ఒక పాత మేడ, వెనకాల సరుగుడు చెట్ల నీడలో ఒక పెద్ద పెరడు. ఆ పెరట్లో ఒక గ్యాస్ గ్రిల్లు ఉండేది. అందరికంటే తక్కువ ధర చెప్పినవాడి దగ్గర సంస్థ కొన్నది. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంది గానీ, ఉప్పుగాలికి దాని కాళ్ళు లోపల్లోపలే తుప్పు పట్టిపోయాయి. చైర్మన్ గారు కుటుంబంతో వచ్చి, మా వంటామె వరాలమ్మ కాలుస్తున్న రొయ్యల మీదకి ఆప్యాయంగా వంగి అంచు మీద చెయ్యి వేసిన క్షణంలో ముందుకాళ్ళు రెండూ మడుచుకుపోయి గ్రిల్లు ఆయనకి సాష్టాంగపడింది.

"ఓలమ్మో, మొక్కీసింది!" అంది వరాలమ్మ.

చైర్మన్ గారు ఇసుకలో పొర్లుతున్న రొయ్యల్ని చాలాసేపు చూశారు.

"సన్యాసిరావూ, మన సంస్థలో మన్నిక అనేది లేదయ్యా," అన్నారు.

ఆ మాట హెడ్డాఫీసుకి చేరేసరికి విధానం అయిపోయింది. 'మన్నిక నిరూపితము కాని ఏ వస్తువునూ ఇకమీదట కొనుగోలు చేయరాదు' అన్నది దాని మొదటి వాక్యం. తర్వాతి పేజీలు ఎవరూ చదవలేదు. మొదటి వాక్యమే సరిపోయింది.

అదే టపాలో నాకు ఇంకో కాగితం వచ్చింది. మా అతిథి గృహంలో గదులు ఖాళీగా ఉంటున్నాయనీ, వచ్చే వేసవి చివరికి నిండకపోతే దీన్ని ప్రైవేటు వారికి లీజుకిచ్చి సిబ్బందిని 'తగువిధంగా సర్దుబాటు' చేస్తామనీ.

"సర్దుబాటంటే ఏటి బాబూ?" అడిగింది వరాలమ్మ.

"ఇంటికి పంపడం."

"మరి ఆ ముక్క రాయడానికి అంత కాయితం ఎందుకు?" అని పొయ్యి వంక తిరిగింది. "నానీ పొయ్యి కాడే ముసల్దాన్నయిపోనాను. ఇప్పుడు నన్నెవుడు పన్లో ఎట్టుకుంటాడు? మీకైతే ఇంకో ఊరు ఇస్తారు. నాకేటిస్తారు?"

గదులు ఎందుకు ఖాళీగా ఉంటున్నాయో ఇద్దరికీ తెలుసు. మా పక్కనే కొత్త రిసార్టు వెలిసింది. సాయంత్రమయ్యేసరికి వాళ్ళ పెరట్లో గ్రిల్లు వెలిగిస్తారు. గాలి అటునుంచి ఇటు వీస్తుంది. మా దగ్గర గది తీసుకున్నవాళ్ళు వరండాలో కూర్చుని రెండుసార్లు ముక్కులు ఎగబీల్చి, "మీ దగ్గర ఇది లేదా?" అని అడిగి, లేదంటే పెట్టె సర్దుకుని గోడ అవతలికి పోయేవారు.

కాబట్టి నాకు గ్రిల్లు కావాలి. అదీ వేసవి లోపల.

విశాఖ వెళ్ళి, హోటళ్ళకి వంట సామాను అమ్మే చిట్టిబాబు కొట్లో దిగాను. చిట్టిబాబు నోట్లో కిళ్ళీ, జేబులో అయస్కాంతం లేకుండా కనపడడు.

"సముద్రం ఎంత దూరం?" అన్నాడు ముందే.

"కెరటం గట్టిగా వస్తే పెరట్లోకే."

"అయితే ఆ మెరిసేదాని వంక చూడకండి. ఇదిగో." అయస్కాంతం తీసి తళతళలాడుతున్న గ్రిల్లు మూతకి ఆనించాడు. టక్కున అతుక్కుంది. "అతుక్కుందంటే మీ గాలికి తుప్పు తొందరగా పడుతుందండీ. ఇటు రండి." మూల నిలబెట్టిన బరువైన గ్రిల్లుకి ఆనించాడు. అయస్కాంతం జారి కింద పడింది. "మూత ఎత్తి చూడండి. చేతికి బరువు తెలియాలి. రేకు పల్చనైతే వేడి నిలవదు. జాలీ పోత ఇనుము, వండిన ప్రతిసారీ దోసెల పెనంలాగా నూనె పట్టించాలి. అన్నింటికంటే ముఖ్యం, విడిభాగాలు. రేపు బర్నరు పోయిందనుకోండి, బర్నరు మార్చుకోవాలి గానీ గ్రిల్లు మార్చకూడదు. దీనికి ప్రతి ముక్కా నా దగ్గర దొరుకుతుంది."

అర్ధగంటలో ఎంపిక అయిపోయింది. ఎవరి పెరటికైనా అంతకంటే ఎక్కువ సమయం పట్టకూడదు. కానీ పెరడు సంస్థది. కనీసం రెండు నమూనాలు పరీక్షకి పెట్టాలన్నారు. సంస్థ పెద్ద ఆర్డరు ఇస్తుందన్న ఆశతో చిట్టిబాబు మెరిసేదాన్నీ బరువైనదాన్నీ రెండింటినీ ఊరికే పంపాడు.

వాటి వెనకే హెడ్డాఫీసు వేసిన మన్నిక నిర్ధారణ సంఘం దిగింది.

కన్వీనర్ విశ్వంభరరావు గారు వంతెనల విభాగంలో పనిచేసి వచ్చిన ఇంజనీరు. ఆయన కట్టించిన వంతెనలు కొన్ని ప్రారంభోత్సవానికి ముందు, కొన్ని తర్వాత కూలాయి. మన్నిక లేకపోవడం గురించి ఇంత అనుభవం సంస్థలో మరెవరికీ లేదని ఆయన్ని ఎంపిక చేశారు. ఆయన పక్కన ఆర్థిక విభాగం నుంచి కుముదిని గారు. ఆమె ఏ విషయం మీదైనా, "నాకు అభ్యంతరం లేదు, ఆమోదమూ లేదు," అనేవారు.

"పరీక్షా పద్ధతి సుస్పష్టం," అన్నారు విశ్వంభరరావు గారు పెరట్లో నిలబడి. "నమూనాలను ప్రతిదినమూ ఉదయం నుండి సాయంత్రం వరకు ప్రజ్వలింపజేయవలెను. విఫలమగు పర్యంతమూ ఈ ప్రక్రియ కొనసాగవలెను."

మొదటి రోజు మంటలు లేవగానే వరాలమ్మ పసుపు, కారం పట్టించిన వంజరం ముక్కల పళ్ళెంతో వచ్చింది. కన్వీనర్ గారు రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డారు.

"ఆగవమ్మా! ఆహారపదార్థం పెట్టరాదు!"

"మంట ఉంది గదా బాబూ?"

"మంట పరీక్ష. వంట వాడకం. వాడిన వస్తువును సంస్థ కొనరాదు. నిబంధన."

"వాడితే కొనరు," అన్నారు కుముదిని గారు. "ఒక్క ముక్క పెట్టినా వాడినట్టే. దాని మీద నాకు అభ్యంతరం ఉంది." ఆమెకి అభ్యంతరం ఉండడం అదే మొదటిసారి చూశాను.

వరాలమ్మ పళ్ళెం పట్టుకుని మంటనీ నన్నూ మార్చి మార్చి చూసింది. "సేపనీ నిప్పునీ ఎదురెదురుగా ఎట్టి కలవనీకండా సేసినోణ్ణి ఇప్పుడే సూత్తన్నాను," అని వంటింట్లోకి పోయి తన సొంత పెనం మీద వేయించింది. వంటింట్లో సగం సామాను ఆమె సొంతమే. సంస్థ కొనాలంటే నిబంధన అడ్డొస్తుంది. వంటామె ఇంటినుంచి తెచ్చుకున్నదానికి ఏ నిబంధనా లేదు.

వానాకాలం దాటేసరికి మెరిసే గ్రిల్లు బర్నరుకి బొక్కలు పడ్డాయి. సంఘం సమావేశమై దాన్ని తిరస్కరించింది. బరువైనది మాత్రం చెక్కుచెదరలేదు. నేను సంతోషంగా కన్వీనర్ గారి దగ్గరికి వెళ్ళాను.

"ఇది పాడవలేదు కదండీ. కొనేద్దామా?"

"ఎలా కొంటామయ్యా? పరీక్ష పూర్తి కాలేదు."

"ఎప్పుడు పూర్తవుతుంది?"

"విఫలమైనప్పుడు."

"విఫలమైతే కొంటారా?"

"మన్నిక లేనిదాన్ని ఎలా కొంటాం?" ఆయన నా వంక జాలిగా చూశారు.

"మరి విఫలం కాకపోతే?"

"పరీక్ష కొనసాగుతుంది."

"అయితే అసలు కొనేది ఎప్పుడండీ?"

"అది కొనుగోలు విభాగం పరిధిలోని అంశం," అన్నారు.

పరీక్ష కొనసాగింది. గ్రిల్లు ఎంతకీ పాడవకపోవడాన్ని సంఘం వ్యక్తిగతంగా తీసుకుంది. రోజూ దాని మీద సముద్రపు నీళ్ళు చల్లించారు. మూత మీదకి కొబ్బరికాయలు జారవిడిచారు. అన్నిటికంటే కఠినమైనది 'ఆప్యాయతా పరీక్ష'. చైర్మన్ గారంత బరువున్న మా వాచ్‌మన్ దాలినాయుడు రోజూ టిఫిను తర్వాత గ్రిల్లు మీదకి నవ్వుతూ వంగాలి. నవ్వు లేకపోతే లెక్కలోకి రాదు.

"నవ్వు రావట్లేదు సార్," అన్నాడు దాలినాయుడు ఓ రోజు. "మా ఇంటిది అలిగి పుట్టింటికెళ్ళిపోయింది."

"అది ప్రభుత్వ పరీక్షకి మినహాయింపు కాదు," అన్నారు కన్వీనర్ గారు.

వచ్చే అతిథులకి సమాధానం చెప్పుకోవడం నా వంతు. రాజమండ్రి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి మంట చూసి చేతులు రుద్దుకుంటూ దిగాడు.

"వెలుగుతోంది కదా, ఓ కోడి పెట్టించండి."

"అది పరీక్షలో ఉందండి."

"ఏం చదువుతోంది?" అని అడిగి, పెట్టె దించకుండానే రిసార్టుకి వెళ్ళిపోయాడు.

వేసవి ముంచుకొస్తోంది. లీజు కాగితం నా సొరుగులో ఉంది. వరాలమ్మ ఊళ్ళో ఎవరింట్లో పనిమనిషి కావాలో వాకబు చేయడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే ఒక విచిత్రం జరిగింది.

గ్రిల్లు మొండితనాన్ని లోతుగా అధ్యయనం చేయాలని సంఘం ఉపసంఘాలు వేసింది. మూతకి ఒకటి, బర్నర్లకి ఒకటి, చక్రాలకి ఒకటి, జాలీకి ఒకటి. చక్రాల ఉపసంఘం వారు కుటుంబాలతో వచ్చారు. జాలీ ఉపసంఘం వారికి సముద్రం వైపు గదులే కావాల్సి వచ్చాయి. వేసవి సగం గడిచేసరికి మా అతిథి గృహంలో ఒక్క గది ఖాళీ లేదు. వరండాలో కూడా ఒక నిపుణుడు పడుకునేవాడు.

హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. గదుల నిండుదనంలో నాగులదిబ్బ సంస్థకే ఆదర్శంగా నిలిచిందనీ, లీజు ప్రతిపాదన విరమించుకున్నామనీ. ఉన్నవాళ్ళంతా సంస్థ మనుషులేనా అని ఎవరూ అడగలేదు. నిండాయా లేదా అన్నదే అడిగారు.

ఉత్తరం వరాలమ్మకి చదివి వినిపించాను. ఆమె పెరట్లోకి చూసింది. ఎండలో, ఎవరికీ ఏమీ వండకుండా, గ్రిల్లు మండుతోంది.

"అయితే బాబూ, అది పాడైపోతే ఈలందరూ ఎల్లిపోతారా?"

"వెళ్ళిపోతారు."

"ఎల్లిపోతే మనం?"

"సర్దుబాటు."

ఆ సాయంత్రం నుంచి వరాలమ్మ గ్రిల్లుకి రహస్యంగా నూనె పట్టించడం మొదలుపెట్టింది. సముద్రపు నీళ్ళు చల్లే మనిషి వెనక్కి తిరగ్గానే మంచినీళ్ళతో కడిగేది. బాలింతని చూసుకున్నట్టు చూసుకుంది.

వేసవి పోయింది, వానలు వచ్చాయి, ఆ వెనకే తుపాను వచ్చింది. ఒక పగలూ రాత్రీ సరుగుడు చెట్లు ఊళలు వేశాయి. సంఘమూ ఉపసంఘాలూ గదుల్లో తలుపులు బిగించుకుని మన్నిక గురించి దేవుణ్ణి ప్రార్థించాయి. తెల్లారేసరికి గాలి తగ్గింది. నేను పెరట్లోకి పరిగెత్తాను. రిసార్టు పందిరి మా గోడ మీద పడి ఉంది. మా గ్రిల్లు నిలబడే ఉంది. మూత తీసి చూశాను. పందిరి రాట ఏదో తగిలినట్టుంది, బర్నరు గొట్టం నిలువునా చీలింది.

సంఘం టిఫిను కాగానే తనిఖీకి వస్తుంది. బర్నరు చూస్తుంది. విఫలం అని రాస్తుంది. మధ్యాహ్నానికి గదులు ఖాళీ.

చిట్టిబాబుకి ఫోన్ చేశాను. చెప్పడం పూర్తి కాకముందే అరిచాడు.

"పాడైందని ఎవరితోనైనా అన్నారా?"

"లేదు."

"అనకండి! నా కొట్టు ముందు బోర్డు పెట్టానండీ. 'ప్రభుత్వమే విరగ్గొట్టలేకపోయిన గ్రిల్లు' అని. ఆ బోర్డు చూసి ఈ తీరంలో రిసార్టులన్నీ నా దగ్గరే కొంటున్నాయి. పాడైందంటే నా బోర్డు ఏం కావాలి? బర్నరు పట్టుకుని బయల్దేరుతున్నా."

"రోడ్డు నిండా చెట్లు పడ్డాయి!"

"బండి మీద వస్తా. దిగాల్సిన చోట దిగి మోస్తా."

వంటింట్లోకి వెళ్ళి వరాలమ్మతో ఒక్కమాటే అన్నాను. "వాళ్ళని బల్ల దగ్గర్నుంచి లేవనివ్వకు."

ఆ ఉదయం మన్నిక నిర్ధారణ సంఘం తిన్నన్ని పెసరట్లు నాగులదిబ్బ చరిత్రలో ఎవరూ తిని ఉండరు. "ఇంకొక్కటి బాబూ, తుపానుకి నీరసపడిపోనారు," అని వరాలమ్మ వడ్డించేది. వద్దని చెయ్యి అడ్డం పెడితే, చెయ్యి పక్క నుంచి జార్చేది. కన్వీనర్ గారు లేవబోతే అల్లం పచ్చడి తెచ్చింది. కుముదిని గారు లేవబోతే ఉప్మా కూడా ఉందంది.

"నాకు అభ్యంతరం లేదు," అని కుముదిని గారు మళ్ళీ కూర్చున్నారు.

చిట్టిబాబు గోడ దూకి వచ్చాడు. చొక్కా అంతా బురద, నోట్లో కిళ్ళీ మాత్రం అలాగే ఉంది. ఇద్దరం కలిసి పాత బర్నరు పీకాం, కొత్తది బిగించాం, అది మరీ కొత్తగా మెరుస్తుంటే తడి ఇసుకా మసీ పులిమాం. అతను గోడ అవతలికి దూకడం, కన్వీనర్ గారు పొట్ట పట్టుకుని పెరటి మెట్లు దిగడం ఒకేసారి జరిగాయి.

ఆయన మీట తిప్పారు. టక్ మంది. నీలిమంట వరసగా లేచింది.

విశ్వంభరరావు గారి కళ్ళు చెమర్చాయి. జీవితంలో ఆయన చేతి కింద కూలకుండా నిలబడ్డ మొదటి కట్టడం అది. "అద్భుతం," అన్నారు. "నేను స్వయంగా చైర్మన్ గారికి నివేదిస్తాను."

అప్పుడు అర్థమైంది, మేము మరీ బాగా బాగుచేశామని.

చైర్మన్ గారు ఆ వారమే వచ్చారు. పెరట్లో బల్ల వేసి తెల్లటి గుడ్డ పరిచారు. ఆయన గ్రిల్లు చుట్టూ ఒకసారి తిరిగి, కాలితో చక్రాన్ని తట్టి, వచ్చి కూర్చున్నారు.

"తుపానుకే లొంగలేదు. ఇంకా దేనికయ్యా పరీక్ష? ప్రత్యేక మినహాయింపు కింద దీన్ని కొనుగోలుకి ఆమోదిస్తున్నాను. సంఘం పని పూర్తయింది. అందరూ ఈ సాయంత్రానికి మీ మీ ఆఫీసులకి వెళ్ళిపోవచ్చు."

చక్రాల ఉపసంఘం వారి పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. కన్వీనర్ గారి ముఖం తెల్లబోయింది. చైర్మన్ గారు కలం మూత తీశారు. ఒక్క సంతకం. అది పడితే గదులు ఖాళీ, సొరుగులో ఉన్న లీజు కాగితానికి ప్రాణం.

గ్రిల్లు లాంఛనంగా మండుతోంది. దాని పక్కనుంచి వరాలమ్మ పళ్ళెం పట్టుకుని వంటింటి వైపు పోతోంది. పళ్ళెంలో చైర్మన్ గారి భోజనానికని గాట్లు పెట్టి మసాలా పట్టించిన చందువ చేప. ఆమె ఆగింది. నా వంక చూసింది. నేను చేప వంక చూశాను. కళ్ళతో ఏ సైగా చేయలేదని తర్వాత జరిగిన విచారణలో చెప్పాను. ఇక్కడా అదే చెబుతున్నాను.

చుయ్యిమంది.

చందువ జాలీ మీద పడింది. పొగ లేచింది.

"ఆహారపదార్థం!" అని కేక వేశారు విశ్వంభరరావు గారు. అంత ఆనందంగా ఎవరైనా కేక వేయడం నేను వినలేదు. "ఆమోదానికి పూర్వమే ఆహారపదార్థం పెట్టబడినది! నమూనా వాడబడినది!"

"వాడితే కొనరు," అన్నారు కుముదిని గారు. "అభ్యంతరం ఉంది."

చైర్మన్ గారి కలం గాల్లో ఆగిపోయింది. "మినహాయింపు ఇచ్చాను కదమ్మా?"

"మీరు మినహాయించింది పరీక్షని సార్. వాడకాన్ని కాదు. వాడిన వస్తువు కొనడానికి మినహాయింపు ఇవ్వాలంటే ముందు ఒక సంఘం వేయాలి."

"తప్పయిపోనాది బాబూ," అంది వరాలమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "పెనమనుకున్నాను. తీసీమంటారా?"

"తీసినా వాడినట్టే," అన్నారు కుముదిని గారు.

గాలి మారింది. పొగ తిన్నగా చైర్మన్ గారి మీదకి వెళ్ళింది. ఆయన ఒకసారి పీల్చారు. ఇంకోసారి పీల్చారు. కలానికి మూత పెట్టారు.

"ఎలాగూ వాడినట్టే అయినప్పుడు," అన్నారు నెమ్మదిగా, "రెండో వైపు కూడా కాలనివ్వండి."

ఆయన లేచి గ్రిల్లు దగ్గరికి వెళ్ళి, అంచు మీద చెయ్యి వేసి, చేప మీదకి ఆప్యాయంగా వంగారు. గ్రిల్లు కదల్లేదు. దాలినాయుడు దూరం నుంచి గర్వంగా చూశాడు.

చేప ముళ్ళు మాత్రమే మిగిలాక చైర్మన్ గారు తీర్పు చెప్పారు. ఈ నమూనా వాడబడినందున కొనుగోలుకి అనర్హం. ఫలితాలు ఆశాజనకంగా ఉన్నందున అదే రకం కొత్త నమూనా తెప్పించి పరీక్ష మొదటినుంచి మొదలుపెట్టాలి. సంఘం కొనసాగుతుంది. ఉపసంఘాలూ కొనసాగుతాయి. ప్రగతిని స్వయంగా పరిశీలించడానికి చైర్మన్ గారు నెలకోసారి, భోజనం వేళకి వస్తారు.

కొత్త నమూనా చిట్టిబాబు సంతోషంగా పంపాడు. బోర్డు మీద 'ఇప్పటికీ' అన్న మాట చేర్చాడు. పాత గ్రిల్లు వెనక్కి తీసుకుపోవడానికి మనిషిని పంపనా అంటే, వరాలమ్మే ఫోన్ లాక్కుని అది తనకే ఇచ్చెయ్యమంది. అది ఇప్పుడు ఆమె సొంతం. వంటామె ఇంటినుంచి తెచ్చుకున్నదానికి ఏ నిబంధనా లేదని ముందే చెప్పాను.

సాయంత్రాలు మా పెరట్లో రెండు గ్రిల్లులు పక్కపక్కనే వెలుగుతుంటాయి. ఒకదాని మీద చందువలు, వంజరాలు, కోళ్ళు. రెండోదాని మీద ఏమీ ఉండదు. గాలి ఇప్పుడు ఎటునుంచి వీచినా మాకే లాభం. రిసార్టులో దిగినవాళ్ళే పెట్టె పట్టుకుని గోడ ఇవతలికి వస్తున్నారు. గదులు లేవని పంపేస్తున్నాను.

భోజనానికి వచ్చినవాళ్ళు మాత్రం ఆ ఖాళీ మంటని చూసి అడుగుతూనే ఉంటారు, అది ఎందుకని.

"అది కొనేది బాబూ," అంటుంది వరాలమ్మ చేప తిరగేస్తూ. "ఇది వండేది."